థామస్ మోర్ నాటకం వేస్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్టు మొత్తం చదివానమ్మా. అయిదొందలేళ్ళ కిందట ఇంగ్లండులో రాజుకి ఊ కొట్టక తల పోగొట్టుకున్న మంత్రి థామస్ మోర్ కథ తీసుకున్నావంటే చాలా సంతోషమేసింది, మన పరిషత్తుల్లో ఇలాంటి సబ్జెక్టు ముట్టుకునేవాళ్ళు తక్కువ. కానీ ఇప్పుడున్నది ఉన్నట్టు మాత్రం వెయ్యకు. ఎందుకో చెప్తా, కోపం తెచ్చుకోకుండా విను.

నీ మొదటి సీన్లో హెన్రీ రాజు తాగేసి అరుచుకుంటూ వస్తాడు, మోర్ ఆయన ముందు నిలబడి ధర్మపన్నాలు చెప్తాడు. అక్కడితో నాటకం అయిపోయింది తల్లీ. అలాంటి రాజుని కాదనడానికి మనస్సాక్షి ఎందుకు, అసహ్యం చాలు. అసలు జరిగింది వేరు. రాజుకి మోర్ అంటే చాలా ఇష్టం, మోర్ కూడా రాజుని నిజంగానే ప్రేమించాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా చెల్సీలో ఆయనింటికి భోజనానికొచ్చి, తిన్నాక తోటలో మెడ మీద చెయ్యేసుకుని గంటసేపు తిరిగాడు రాజు. అది చూసి అల్లుడు రోపర్ పొంగిపోయాడు, ఒక్క కార్డినల్ వూల్సీతో తప్ప రాజుగారు ఇంకెవరితోనూ ఇంత చనువుగా ఉండగా చూళ్ళేదు మావయ్యా అన్నాడు. దానికి మోర్, ఆయనకి నా మీద దయ ఉన్నమాట నిజమే, కానీ నా తలకాయ ఇస్తే ఫ్రాన్సులో ఒక్క కోట దొరుకుతుందంటే ఈ తల పోవడం ఖాయం అన్నాడు. ఇది రోపర్ స్వయంగా తర్వాత రాసిపెట్టిన విషయం. నీ మొదటి సీను ఇదే అవ్వాలి. రాజు వేషానికి అందగాణ్ణి, నవ్వితే జనం కూడా నవ్వేవాణ్ణి తీసుకో. చూసేవాళ్ళకి రాజు నచ్చాలి, అప్పుడే ఆయన్ని కాదనడం ఎంత కష్టమో వాళ్ళకి గుండెల్లో తగుల్తుంది.

మనవాళ్ళకి ఈ బాధ కొత్తేం కాదు. దుర్యోధనుడి ఉప్పు తిన్న పాపానికి నిండుసభలో తలొంచుకు కూర్చున్న భీష్ముణ్ణి చూశారు, తప్పని తెలిసీ అన్న కోసం యుద్ధానికి పోయిన కుంభకర్ణుణ్ణి చూశారు, అన్నని వదిలేసి అవతలి పక్షానికెళ్ళిన విభీషణుణ్ణీ చూశారు. మోర్ వీళ్ళలో ఎవరి దారీ పట్టలేదు, దేశం వదల్లేదు, తిరగబడలేదు, ఊ కొట్టలేదు. ఇదంతా విడమరచి చెప్పడానికి నీ స్క్రిప్టులో పెట్టిన సూత్రధారుణ్ణి తీసెయ్. భీష్ముడితో పోలికలు స్టేజి మీద వాడు చెప్పక్కర్లేదు, చూసేవాళ్ళే కలుపుకుంటారు, వాళ్ళంతట వాళ్ళు కలుపుకుంటేనే పట్టు.

ఇక పోపు గొడవ, అదే, రోములో ఉండే క్రైస్తవుల మతపెద్దతో రాజు పెట్టుకున్న గొడవ. నీకు లైబ్రరీలో చదివినదంతా చెప్పెయ్యాలని ఉన్నట్టుంది, ఎనిమిది పేజీలు రాశావు. జనానికి కావలసింది ఇంతే: రాజు అన్నగారు పోతే వదినగారైన కేథరిన్‌ని పెళ్ళాడాడు, మగపిల్లాడు బతకలేదు, యాన్ బొలీన్ మీద మనసైంది, మొదటి పెళ్ళి చెల్లదనమని పోపుని అడిగితే ఒప్పుకోలేదు, దాంతో ఇంగ్లండు చర్చికి నేనే పెద్దనన్నాడు. ఇద్దరు పనివాళ్ళు గిన్నెలు సర్దుకుంటూ మాట్లాడుకుంటే సరిపోతుంది. కాలం తెలియాలంటే బ్రోషర్‌లో రెండు ముక్కలు వేయించు, సింహాచలంలో రాయలవారు శాసనం వేయించిన 1516లోనే మోర్ రాసిన యుటోపియా అచ్చయింది, రాయలవారు పోయిన 1529లోనే మోర్ ఛాన్సలర్, అంటే రాజముద్ర చేతిలో ఉండే పెద్ద మంత్రి, అయ్యాడు అని. మన ఊళ్ళో ఆ ముక్క చదివితే చాలు, ఎంత వెనకటి కథో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నీ మోర్ రెండో సీన్లోనే రెండు పేజీల ఉపన్యాసం ఇస్తున్నాడు. అది మొత్తం కొట్టెయ్. ఆయన గొప్పతనమంతా మాట్లాడకపోవడంలోనే ఉందమ్మా, ఆయన లాయరు, చావాలని ఏమాత్రం లేదు, చట్టంలో ఎక్కడ సందుంటే అక్కడ తలదాచుకోడానికి చూశాడు. 1532 మేలో రాజముద్ర తిరిగిచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. 1534లో యాన్‌తో పెళ్ళి చెల్లుతుందని, ఆవిడ పిల్లలే వారసులని ప్రమాణం చెయ్యమంటే చెయ్యనన్నాడే గానీ ఎందుకు చెయ్యనో చెప్పలేదు, భార్యాపిల్లలకి కూడా చెప్పలేదు, చెబితే అదే రాజద్రోహానికి సాక్ష్యమైపోతుందని. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, కోర్టులో ఆయన చేసిన వాదన దాదాపు అదే, నేనేం మాట్లాడలేదు కాబట్టి చట్టం లెక్కన ఒప్పుకున్నట్టే అనుకోవాలన్నాడు. దోషి అని తేలాకే నోరు విప్పి మనసులో మాట చెప్పాడు. కాబట్టి నీ ఉపన్యాసం ఏదైనా ఉంటే అక్కడ పెట్టు, అదీ పది వాక్యాలకి మించకుండా. అప్పటిదాకా నీ హీరో నోరు కట్టేసుకుని ఉంటే, ఆ పది వాక్యాలకి హాలంతా ముందుకి వంగి వింటుంది.

రాజుగారి తరఫు లాయరు రిచర్డ్ రిచ్ సీను నీ స్క్రిప్టులో అరపేజీలో తేల్చేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది. నాటకంలో అంతకన్నా మంచి సీను లేదు. జైల్లో మోర్ దగ్గరున్న పుస్తకాలు పట్టుకుపోడానికి ముగ్గురొస్తారు. ఇద్దరు పుస్తకాలు గోనెలో కుక్కి కడుతుంటారు, రిచ్ కబుర్లలో పెట్టి మాటలు లాగుతుంటాడు. తర్వాత కోర్టులో రిచ్, రాజు చర్చికి పెద్ద కాలేడని మోర్ నాతో అన్నాడని సాక్ష్యం చెప్తాడు. మరి మీరేం విన్నారయ్యా అని ఆ ఇద్దర్నీ అడిగితే, మేం పుస్తకాలు సర్దే పనిలో ఉన్నాం, చెవిన పెట్టలేదన్నారు! నువ్వు ఈ సీన్లో గోనె చప్పుడు, తాడు లాగే చప్పుడు గట్టిగా వినిపించేట్టు చెయ్, సరిగ్గా కీలకమైన మాట దగ్గర ఒక పెద్ద పుస్తకం కింద పడాలి, చూసేవాళ్ళకి కూడా ఆ మాట వినపడకూడదు. అప్పుడు కోర్టు సీన్లో వాళ్ళు కూడా సాక్షులే, ఏం విన్నారో వాళ్ళూ చెప్పలేరు.

రిచ్ వేషగాడికి ఒక మాట చెప్పు. వకీలు గుమాస్తాగా నేను మన జిల్లా కోర్టులో దొంగసాక్ష్యాలు చాలా చూశాను. చేతులు నలుపుకుంటూ, చెమటలు తుడుచుకుంటూ ఎవడూ చెప్పడు, అదంతా సినిమాల్లోనే. గడగడా చెప్తాడు, అడగని వివరం కూడా చెప్తాడు, చెప్పేసి బోనులోంచి దిగేటప్పుడు మాత్రం ముద్దాయి ఉన్న వైపు తిరగడు. అంత చాలు. ఈ రిచ్ తర్వాత కాలంలో మోర్ కూర్చున్న అదే ఛాన్సలర్ కుర్చీలో కూర్చున్నాడు.

జైలు కాపలావాడికి, గోనె కట్టేవాళ్ళకి మన యాస పెట్టు, శ్రీకాకుళం విజీనారం మాట. మిగతావాళ్ళకి మామూలు మాటలు చాలు, గ్రాంథికం వద్దు.

ఆడవాళ్ళ పాత్రలకి నువ్వే అన్యాయం చేస్తే ఎలా? భార్య ఆలిస్‌ని గయ్యాళిని చేశావు. జైల్లో మొగుడి తిండికి వారానికి 15 షిల్లింగులు కట్టడానికి ఆవిడ కట్టుబట్టలు అమ్ముకుంది, ఆ సంగతి రాజుగారి మంత్రి క్రాంవెల్‌కి ఉత్తరంలో రాసుకుంది. చెల్సీలో ఇల్లు, తోట, పుస్తకాలు పెట్టుకుని ఈ ఎలకల మధ్య ఎందుకు పడున్నావని అరుస్తుంది, అరవదా మరి? కూతురు మార్గరెట్ అయితే తను ప్రమాణం చేసేసి, నాన్నా నువ్వూ చేసెయ్ అని బతిమాలుతుంది. రాజు అడిగితే కాదనొచ్చు, కూతురు అడిగితే కాదనడం చూడాలి. ఈ సీనుకి టైం ఇవ్వు, మ్యూజిక్ అస్సలు వద్దు.

ఇంకొకటి, నీకు నచ్చకపోవచ్చు. ఆయన ఛాన్సలర్‌గా ఉండగా మతద్రోహం పేరుతో ఆరుగుర్ని తగలబెట్టారు, ఆయన దానికి మద్దతుగా ఉన్నవాడే. దాన్ని దాచి దేవుణ్ణి చెయ్యకు. క్రాంవెల్ ఆ ప్రశ్న మొహం మీదే అడగాలి, వాళ్ళ మనస్సాక్షి మాటేమిటి అని. దానికి మోర్ దగ్గర మంచి జవాబు ఉండకూడదు. నా మనసుకి ఇదే ముఖ్యమైన సలహా, నాటకం నిజాయితీగా ఉందని జనం నమ్మేది ఇక్కడే.

బట్టల సంగతి, ఆ వెల్వెట్ కోట్లు అద్దెకి తేకు. మన వైజాగ్ ఉక్కలో కళాభారతిలో రిహార్సల్‌కే మేకప్ కారిపోతుంది. నల్లటి అంగీలు, ఛాన్సలర్‌కి మెళ్ళో గొలుసు, చేతిలో ముద్ర సంచి. సంచి రాజుకి ఇచ్చేశాక గొలుసు కూడా తీసేస్తే పదవి పోయినట్టు తెలిసిపోతుంది.

గొడ్డలి చూపించకు. తీర్పయ్యాక లండన్ టవర్ జైలుకి తీసుకెళ్తుంటే మార్గరెట్ ఆయుధాలు పట్టుకున్న భటుల్ని తోసుకుంటూ వచ్చి తండ్రిని కావిలించుకుంది, వదిలి నాలుగడుగులేసి మళ్ళీ వెనక్కి పరిగెత్తింది. అక్కడ తెర వేసెయ్, 1535 జూలై 6న తల తీశారని మైకులో చెప్పించు.

మార్గరెట్ వేషం నువ్వే వేస్తానంటున్నావట, వద్దు, డైరెక్టరు బయటుండాలి. యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ పిల్లల్లో ఎవరినైనా చూడు. రిచ్‌కి ఎవర్ని అనుకుంటున్నావో రాత్రి ఫోన్ చేసి చెప్పు, ఆదివారం రిహార్సల్‌కి నేనొస్తా, గోనె, తాడు, పాత లా పుస్తకాలు మా ఇంట్లోవే తెస్తాను.

మీ మావయ్య