బెల్ ప్రయోగాలతో బోమ్ సిద్ధాంతం పోయినట్టేనా?

బెల్ ప్రయోగాలకు ఇచ్చిన 2022 భౌతికశాస్త్ర నోబెల్‌తో గుప్త చరరాశుల (క్వాంటమ్ కొలతల ఫలితాలను ముందే నిర్ణయించే, మనకు కనబడని విలువల) కథ ముగిసింది కదా, సెమినార్‌లో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్ గురించి ఇంకా ఎందుకు చెప్పాలి అని అడిగారు. ముగియలేదండీ. ముగిసిందని చెప్పిన, మీరు చదివిన ఆ వ్యాసం ‘స్థానిక’ అనే ఒక ముఖ్యమైన షరతు వదిలేసింది.

1964లో భౌతికశాస్త్రవేత్త జాన్ బెల్ ఏమన్నాడంటే, ఒక జతలోని ఒక కణంపై ఒకచోట చేసిన కొలత దూరంగా ఉన్న రెండో కణాన్ని తక్షణమే ప్రభావితం చేయదు అనుకుంటే, ఆ రెండింటి ఫలితాల పొంతనకు ఒక హద్దు ఉంటుంది. భౌతికశాస్త్రవేత్త జాన్ క్లాజర్, మరో ముగ్గురు 1969లో రాసిన రూపంలో ఆ హద్దు 2. క్వాంటమ్ లెక్క సుమారు 2.83 దాకా వెళ్తుంది. ప్రయోగాల్లో 2 దాటింది. దెబ్బ తగిలింది స్థానిక, అంటే దూరం నుంచి తక్షణ ప్రభావం ఒప్పుకోని, గుప్త చరరాశులకే.

బోమ్ 1952లో ఇచ్చినది స్థానికం కాదు. అందులో కణానికి ఎప్పుడూ కచ్చితమైన స్థానం ఉంటుంది, కానీ చిక్కుపడ్డ (ఎంటాంగిల్డ్, అంటే ఉమ్మడి క్వాంటమ్ స్థితిలో ఉన్న) కణాల జతలో ఒకదాని వేగం, రెండోది ఎంత దూరంలో ఉన్నా, ఆ క్షణాన అది ఎక్కడుందో దాన్నిబట్టి మారుతుంది. అందుకే అదీ 2.83 ఇస్తుంది. అసలు బెల్‌ను ఈ దారి పట్టించిందే బోమ్ పేపర్లు!

నా అభ్యంతరం వేరే. సాపేక్షతతో పొసగడానికి ఏ ప్రయోగానికీ అందని ఒక ప్రత్యేక నిర్దేశ చట్రాన్ని, అంటే ‘ఆ క్షణం’ ఏదో అందరికీ తేల్చే ఒకే దృక్కోణాన్ని, ఒప్పుకోవాల్సి వస్తుంది. బోమ్‌ను కాదనాలనుకుంటే అక్కడ పట్టుకోండి.