గుంటూరు బ్రాడీపేట ఇంట్లో వైఫై కాలింగ్ పెట్టే ముందు

చి. స్వాతికి,

విజయవాడ నుంచి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. చేశాడంటే, ఎప్పట్లాగే ఇంట్లో సిగ్నల్ అందక వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఒక చెవి మూసుకుని అరిచాడు. పండక్కి నువ్వు వచ్చి ఇంటికి ఫైబర్ నెట్ పెట్టిస్తావట, సిగ్నల్ లేకపోయినా ఇంటి వైఫై మీదుగానే మామూలు కాల్ వెళ్ళేలా వైఫై కాలింగ్ ఆన్ చేస్తావట, ల్యాండ్‌లైన్ సరెండర్ చేసేస్తావట. "ఇక మంచం మీద పడుకునే మాట్లాడొచ్చే అక్కా" అని ఒకటే సంబరం. విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ తండ్రి గురించి ఇంత ఆలోచించావని నాకూ కడుపు నిండింది. కానీ ఆ ల్యాండ్‌లైన్ మాట విన్న దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఆన్ చేయడం నీకు నేను చెప్పాలా! సెట్టింగ్స్‌లో సిమ్ పేరు నొక్కితే ఉంటుంది, శాంసంగ్‌లో అయితే కనెక్షన్స్ కింద. మీ నాన్న ఫోన్‌లో రెండు సిమ్‌లు కాబట్టి రెండింటికీ విడివిడిగా చూడు. వోల్టీ, అంటే 4జీ మీదే మాట వెళ్ళే సౌకర్యం, అది కూడా ఆన్‌లో ఉండాలి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సౌకర్యం తెచ్చాయి, కానీ సిమ్ కంపెనీ ఇస్తే సరిపోదు, ఆ మోడల్ ఫోన్‌కీ ఉండాలి. మీ నాన్నది నువ్వు వాడి వదిలేసిన ఫోనేగా. ముందు అది చూసుకో. అసలు ఆ ఆప్షనే కనపడకపోతే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడు. అప్పటికీ లేకపోతే వాడి పాత ఫోన్‌ని తిట్టుకుంటూ పండగంతా గడపకు.

విసుగు పుట్టించేది ఇంకోటి. స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, పైన వైఫై కాలింగ్ గుర్తు మాత్రం రాదు. మా ఫ్లాట్‌లో ఇదే జరిగింది. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు చేసినా "ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్" అన్నారు తప్ప, మీ మామయ్య బీపీ ఏమాత్రం దిగలేదు. చివరికి కింద ఫ్లోర్ కుర్రాడు చూసి చెప్పాడు. నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో మేం దూరపు ఊళ్ళ కాల్స్ కలిపే ట్రంక్ బోర్డు దగ్గర త్రాడు గుచ్చి రెండు ఊళ్ళు కలిపినట్టు, ఫోన్ కూడా ఇంటర్నెట్ మీదుగా సిమ్ కంపెనీ దాకా తనకంటూ ఒక మూసిన దారి వేసుకుంటుందట. రౌటర్‌లో 500, 4500 నంబర్ల యూడీపీ పోర్టులు, అంటే నెట్ రాకపోకల తలుపులు, మూసి ఉంటే ఆ దారి పడదు. ఫోన్‌లో వీపీఎన్, అంటే నెట్‌ని వేరే దారిన తిప్పే యాప్, ఉన్నా ఇదే గొడవ. మా ఇంట్లో దోషి ఆ వీపీఎనే. మీ మామయ్య యాడ్స్ రాకుండా ఉంటాయని ఎవరో చెబితే వేసుకున్నారు. తీసేయగానే గుర్తు వచ్చింది. కాబట్టి ఫైబర్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి ఇంట్లో ఉండగానే ఒక కాల్ చేసి చూడు. డబ్బులు తీసుకుని వెళ్ళాక వాళ్ళు దొరకరు.

రౌటర్‌ని టీవీ పక్క చెక్క అల్మరాలో దాచొద్దు. మన ఇంటి గోడలు నీకు తెలుసు, మేకు కొడితే సుత్తి వంగేది. అవి దాటాలంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే నయం. పేరు చివర 5జీ అని కనిపించేది వేగంగా ఉంటుంది కానీ గోడల దగ్గర నీరసపడిపోతుంది. మీ నాన్న ఆ 5జీ చూసి ఫోన్‌లో వచ్చే 5జీ అనుకుని దానికే కలుపుతాడు. అది ఆ ఫోన్‌లోంచి తీసేయ్. కాల్ ప్రిఫరెన్స్ అడిగితే వైఫై పెట్టు. మొబైల్ నెట్‌వర్క్ అని పెడితే ఆ ఒక్క గీత సిగ్నల్ పట్టుకుని వేలాడుతుంది. మాట్లాడుతూ పెరట్లోకి నడవొద్దని కూడా చెప్పు. బయట 4జీ బాగా ఉంటే కాల్ దాని మీదికి మారుతుంది, లేకపోతే తెగుతుంది. తెగితే కూతురే పెట్టేసిందనుకుని అలుగుతాడు. వాడి అలక నీకంటే నాకు ముందు తెలుసు.

108కి గానీ 112కి గానీ చేయాల్సివస్తే ముందు అడ్రసు చెప్పడం నేర్పించు. వైఫై మీద వెళ్ళిన కాల్ ఏ ఇంట్లోంచి వచ్చిందో అవతలివాళ్ళకి తెలుస్తుందని నమ్మకం పెట్టుకోకూడదు. బ్రాడీపేటలో లైను నంబరూ అడ్డరోడ్డు నంబరూ రెండూ చెప్పకపోతే ఇల్లు దొరకదు. ఓ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ ఛార్జర్ దగ్గర అంటించు.

ఇక అసలు సంగతి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఇక్కడి సింగ్ నగర్ మునిగినప్పుడు మా మరిది వాళ్ళ కబురు తెలియక మేం పడ్డ అవస్థ మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు. ఎందుకలా అయిందో మాత్రం చెప్పి ఉండడు. వాళ్ళింట్లోనూ ఇదే బాధ, లోపల సిగ్నల్ ఉండదు. బెంగళూరులో ఉన్న వాళ్ళబ్బాయి వచ్చి వైఫై కాలింగ్ పెట్టాడు. అయినా ఫోన్ మాటిమాటికీ ఆ అరకొర సిగ్నల్ మీదికే పోతోందని ఒక ఉపాయం చేశాడు. ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి, దాని మీద వైఫై ఒక్కటి ఆన్ చేసి అలా వదిలేశాడు. నిజమే, అలా చేస్తే కాల్ కచ్చితంగా వైఫై మీదే వెళుతుంది. గంట కొట్టినట్టు వినపడేది. మా తోడికోడలు ఊరందరికీ చెప్పుకుంది.

ఆ ఆదివారం నీళ్ళొచ్చాయి, కరెంటు తీసేశారు. కరెంటు లేకపోతే రౌటర్ లేదు. రౌటర్ లేకపోతే ఆ ఫోన్‌కి ఏదీ లేదు. టవర్ పనిచేస్తున్నా దాన్ని వెతకొద్దని చెప్పి పెట్టారు కదా! మేం ఎప్పుడు చేసినా స్విచాఫ్ అనే వచ్చేది. మీ మామయ్య ఫ్లైఓవర్ దాకా వెళ్ళారు. అవతల దిగితే నీళ్ళు, పడవలు, జనం. ఎవరిని అడిగినా వాళ్ళవాళ్ళ కోసం ఏడుస్తున్నారు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదులుతున్నారని టీవీలో చెబుతుంటే నేను దేవుడి గదిలోంచి బయటికి రాలేదు.

వాళ్ళు మొదటి అంతస్తులో క్షేమంగానే ఉన్నారు. టవర్లు పోయాయనుకుని ఆ ఫోన్ పక్కన పడేశారు, అంతే. ఎదురు వాటా పిల్ల, డిప్లొమా చదువుతోంది, టార్చ్ లైట్ కోసమని ఫోన్ చేతిలోకి తీసుకుని "ఆంటీ, విమానం బొమ్మ ఉందేంటి?" అందట. ఫ్లైట్ మోడ్‌లో ఉండబట్టి బ్యాటరీ కూడా చాలావరకు అలాగే ఉంది. దాన్ని తీసేసి డాబా మీదికి వెళితే రెండు గీతలొచ్చాయి. నాకు కాల్ కలిసింది. మా తోడికోడలు "అక్కా, మంచినీళ్ళు లేవు" అంది. అంతకు మించి ఏమీ మాట్లాడలేకపోయాం ఇద్దరమూ.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. తల్లిదండ్రుల సుఖం కోసమే చేశాడు. కానీ స్వాతీ, నువ్వు మాత్రం ఆ పని చేశావో, పండగని కూడా చూడను, చెవి మెలిపెడతాను! ఆ ఉపాయం పరీక్షకి పనికొస్తుంది. ఒక్క నిమిషం పెట్టి, కాల్ వెళ్ళిందని చూసుకుని, వెంటనే తీసేయ్. విమానం బొమ్మ ఎలా ఉంటుందో మీ నాన్నకి చూపించు. పొరపాటున వేలు తగిలినా పడుతుంది అది.

నాకు ఈ పిచ్చి ఏమిటా అనుకుంటున్నావేమో. గుంటూరు ఎక్స్ఛేంజీలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న రోజుల్లో లైట్నింగ్ కాల్, అంటే అన్నిటికంటే ముందు కలిపే అత్యవసర కాల్, దానికి మామూలు కాల్‌కి ఎనిమిది రెట్లు రేటు. అంత డబ్బు పెట్టి బుక్ చేసేవాళ్ళకి చావో, పురుడో ఉండేది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనప్పుడు అవతలి ఊరు పలకకపోతే బుక్ చేసినవాళ్ళకి ఏం చెప్పాలో మాకెవరూ నేర్పలేదు. "లైన్లు లేవండి" అనేవాళ్ళం. ఆ తర్వాత ఎన్ని రకాల ఫోన్లు వచ్చినా, మోగాల్సిన ఫోన్ మోగకపోతే నాకు ఆ బోర్డే కళ్ళ ముందుకొస్తుంది. మీ అమ్మ ఉన్నప్పుడు నాకింత భయం ఉండేది కాదు. ఇప్పుడు వాడొక్కడే ఆ ఇంట్లో.

అందుకని ల్యాండ్‌లైన్ జోలికి పోకు. మీది ఇంకా రాగి తీగే. నిన్న వాడిచేత రిసీవర్ ఎత్తించాను, డయల్ టోన్ వస్తోందన్నాడు. దానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీలో ఉన్న 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ తీగ మీదే వస్తుంది. మీ వీధిలో కరెంటు పోయినా మోగుతుంది. అయితే హాల్లో ఉన్న ఆ కార్డ్‌లెస్ మోగదు, దాని అడుగున ఉన్న అడాప్టర్‌కి కరెంటు కావాలి. మీ తాతయ్య కాలం నాటి ఫోన్ అటక మీద ఉండాలి, తుడిచి అది తగిలించు. నంబరు అలాగే ఉంచి ఫైబర్‌లోకి మారుస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకు. నంబరు అదే ఉంటుంది, ఫోన్ మాత్రం మన ఇంటి కరెంటు మీద బతుకుతుంది.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనీ. గుంటూరు ఎండల్లో కరెంటు ఎన్నిసార్లు పోతుందో, నీ వైఫై ఎలా తట్టుకుంటుందో చూశాక అప్పుడు ఆలోచిద్దాం. నెలకి అయ్యే ఆ నాలుగు డబ్బులు నాకు భారం కాదు, నేనే కడతాను. మీ నాన్నతో అనకు, రోషం వాడికి.

రౌటర్‌కి పెట్టే చిన్న బ్యాటరీ యూపీఎస్ ఒకటి కొను. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఇస్తే రెండింటికీ అది సరిపోతుందో లేదో వోల్టేజీ చూసి తీసుకో. ఒక్కదానికే పెడితే రెండోది ఆగిపోయి మొదటికొస్తుంది. వీధి చివర కేబుల్ వాళ్ళ పెట్టె కరెంటుతో నడిచేదైతే దానికి బ్యాకప్ ఉందో లేదో కూడా అడుగు. వాళ్ళు ఉందనే అంటారు. ఇంకో సిమ్ కూడా వేరే కంపెనీది ఉండేలా చూడు, ఇప్పుడు వాడి రెండు సిమ్‌లూ ఒక్క కంపెనీవే.

భోగికి ముందు రోజు నీ రైలు విజయవాడలో ఆగుతుంది కదా. కోచ్ నంబరు మెసేజ్ పెట్టు, మామయ్య ప్లాట్‌ఫామ్ మీదికి వస్తారు. అరిసెల డబ్బా ఇస్తారు, పైన ఉన్నవి మీ నాన్నకి, బెల్లం తగ్గించి చేశాను. కలిపెయ్యకు.

ఆశీస్సులతో,
అత్తయ్య