పరాసులంటే పారశీకులా?

సందేహం: బొబ్బిలి యుద్ధం గురించి ఒక పాత పుస్తకంలో ‘పరాసు దండు’, ‘పరాసుల ఫిరంగులు’ అని చదివాను. పరాసులంటే పారశీకులేనా? పర్షియావాళ్లకు బొబ్బిలితో ఏం పని? ఇంకొకటి. 1611లో బ్రిటిషువారు మచిలీపట్నం వచ్చారని మా అబ్బాయి పాఠంలో ఉంది. ఈ పుస్తకంలో ‘ఇంగ్లీషువారు’ అని ఉంది. ఏది సరి? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: పర్షియావాళ్లకు బొబ్బిలితో ఏ పనీ లేదమ్మా. పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ‘ఫ’ మన నోట ‘ప’ అవుతుంది. మాట మొదట్లో సంయుక్తాక్షరం వస్తే మధ్యలో ఒక అచ్చు దూరుతుంది. ‘శ్రీ’ని ‘సిరి’ చేసుకున్నవాళ్లం, ఫ్రాన్సును ‘పరాసు’ చేసుకోవడం ఎంతసేపు! పారశీకానికి మొదటి అక్షరమే దీర్ఘం. దాని దారి వేరు.

బందరు వెళ్తే ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అక్కడ పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వలందులంటే హాలెండువాళ్లు, డచ్చివారు. మూడు దేశాల వర్తకులూ ఒకే రేవులో పక్కపక్కనే కాపురం పెట్టి కత్తులు నూరుకున్నారు. పోర్చుగీసువాళ్లయితే మన నోట్లో పడి ఏకంగా ‘బుడతకీచులు’ అయ్యారు. నాకు వీటన్నిటిలో అదే ముద్దు.

1757 జనవరిలో బొబ్బిలి కోట మీద పడ్డది బుస్సీ నడిపిన పరాసు దండే, మీ ఊరి విజయరామరాజు పక్షాన. ఆ రాజు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాక, తర్వాత వచ్చిన ఆనందగజపతి పరాసులను కాదని ఇంగ్లీషువారిని పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర పరాసులను ఓడించి, మరుసటి ఏప్రిల్‌లో బందరు కోట పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో పరాసుల పెత్తనం దాంతో సరి.

ఇక ‘పరాసుల ఫిరంగులు’ అన్నారే, అందులో ఒక తమాషా ఉంది. యూరపులోని ఫ్రాంకు జాతి పేరు మీదే ఫ్రాన్సు ఏర్పడింది. అదే పేరు పారశీకం మీదుగా ‘ఫరంగీ’గా మారి, తెల్లవాడెవడైనా ‘పరంగి’ అయ్యాడు, వాడు తెచ్చిన పెద్ద తుపాకి ‘ఫిరంగి’ అయింది. అంటే ఆ రెండు మాటలకూ మూలం ఒకటే. మీరు వెతికిన పారశీకం పరాసులో లేదు గానీ, పక్కనున్న ఫిరంగిలో ఉంది!

రెండో సందేహానికి మీ పుస్తకమే సరి. 1600లో ఎలిజబెత్ రాణి పట్టా ఇచ్చింది లండను వర్తకుల ఇంగ్లీషు కంపెనీకి. ఇంగ్లండు, స్కాట్లండు కలిసి గ్రేట్ బ్రిటన్ అయింది 1707లో. కాబట్టి 1611లో బందరులో దిగినవాళ్లు ఇంగ్లీషువారే. ఫోర్డు నాటికి బ్రిటిషువారన్నా తప్పులేదు.

దీనికి తలకిందులు పొరపాటు కూడా తరచు కనిపిస్తుంది. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మన్రోను ‘ఆంగ్లేయుడు’ అని రాస్తుంటారు. ఆయనది స్కాట్లండులోని గ్లాస్గో. ఆయన్ని బ్రిటిషువాడు అనాలి. సీమవాళ్లలా ‘మన్రో దొర’ అన్నా సరే.