మూడో జెర్సీ వేసుకునే ముందు

చిన్నా,

నువ్వు మళ్లీ కాలేజీ మారుతున్నావని అమ్మ ఫోనులో చెప్పింది. ఈ ఉత్తరం ఆమె చేతే చదివించుకో. మధ్యలో ఆమె గొంతు పట్టేస్తే ఆగు, తొందరపెట్టకు.

మూడేళ్లు తిరగకుండానే మూడో బాస్కెట్‌బాల్ జట్టు! అమెరికా వచ్చాక నేను ఇన్ని అద్దె ఇళ్లు కూడా మారలేదని విసుక్కున్నాను. ఇద్దరు కోచ్‌లు నిన్ను రమ్మంటున్నారని ఆమె చెప్పగానే మాత్రం, మర్నాడు ఆఫీసులో అడగనివాళ్లకు కూడా చెప్పాను.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే పోర్టల్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. గడువులోపు పేరు ఇవ్వు. పేరు ఇచ్చాక ఇప్పటి కాలేజీ ఈ టర్మ్ తరువాత స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు కాబట్టి, కొత్తవాళ్ల మాట కాగితం మీద ఉండాలి. డబ్బు ఒప్పందం లాయరుకు చూపించు. మోకాలి స్కాన్ రిపోర్టులు దగ్గర పెట్టుకో.

ఇక క్రెడిట్లు, అంటే పూర్తిచేసిన కోర్సులకు డిగ్రీలో దక్కే లెక్క. 1996 డిసెంబరులో, స్నేహితులంతా వేరే ఊళ్లో ఉన్నారని, అక్కడ చలి తక్కువని, మాస్టర్స్ మధ్యలో యూనివర్సిటీ మారాను. పూర్తిచేసిన ఆరు కోర్సుల్లో కొత్తవాళ్లు రెండింటినే లెక్కలోకి తీసుకున్నారు. చేరాక తెలిసింది. ల్యాబ్ పనికి బదులుగా ఫీజు భరించే అసిస్టెంట్‌షిప్ కూడా వదులుకుని వచ్చాను కదా, మీ తాతయ్య ఆ ఏడాది మిర్చి అమ్మిన డబ్బంతా ఆ నాలుగు కోర్సులను మళ్లీ చదవడానికే పోయింది. ఆయనకు మాత్రం ఫీజులు పెరిగాయని రాశాను. చివరిదాకా అదే నమ్మాడు.

అంతకంటే సిగ్గుపడే పని ఇంకొకటి చేశాను. అసిస్టెంట్‌షిప్ ఇచ్చిన ప్రొఫెసరుకు ముఖం చూపించలేక, ల్యాబ్ తాళంచెవులు కవరులో పెట్టి ఆయన గది తలుపు కింద నుంచి తోశాను. తాళాల గుత్తి లావుగా ఉండి కవరు సగంలో ఇరుక్కుంది. అటూ ఇటూ చూసి, బూటు కొనతో నెట్టి వచ్చేశాను. తరువాత ఉద్యోగానికి సిఫార్సు లేఖ కావలసి వచ్చినప్పుడు, ఆయన నంబరు సగం నొక్కి ఫోను పెట్టేశాను. మీ అత్తకు కూడా ఇది తెలియదు. ఇప్పుడు అమ్మ చదువుతోంది కాబట్టి రేపటికి తెలుస్తుంది.

నువ్వు నాలుగో ఏడాదిలోకి వెళ్తున్నావు. ఆడాలంటే డిగ్రీలో 60 శాతం పూర్తయి ఉండాలి, అదీ కొత్త కాలేజీ ఇచ్చే డిగ్రీలో. “నీ క్రెడిట్లన్నీ వస్తాయి” అని కోచ్ అంటే ఆ మాట మీద ఆగకు. ఆయన అబద్ధమాడతాడని కాదు, అది ఆయన చేతిలోని పని కాదు. ఏ కోర్సు ఏ లెక్క కింద వస్తుందో రిజిస్ట్రార్ ఆఫీసు చేత రాయించుకో. సంతకానికి ముందు.

ఐయోనా యూనివర్సిటీ నుంచి ఫ్లోరిడా యూనివర్సిటీకి వెళ్లి 2025లో కాలేజీ బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచిన వాల్టర్ క్లేటన్ పేరు చెబుతావని తెలుసు. మూడు కాలేజీలు తిరిగి 2024లో ఎన్‌బీఏ ప్రొఫెషనల్ జట్టు లేకర్స్‌లో చేరిన డాల్టన్ నెక్ట్ పేరూ చెబుతావు. సరే. మారి, బెంచీ మీదే మిగిలిపోయినవాళ్ల పేర్లు నాలుగు చెప్పు చూద్దాం. 2021కి ముందు మారినవాడు మామూలుగా ఏడాదిపాటు ఆట చూస్తూ కూర్చోవాలి, ఆ భయమే చాలామందిని ఆపేది. 2024 నుంచి చదువు సరిగా ఉంటే చాలు, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడనిస్తున్నారు. నిన్ను ఆపడానికి ఇంక ఈ మామయ్య ఒక్కడే మిగిలాడు, వాడికీ ఆపాలని లేదు.

నీ మొదటి ఆటకు నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను. ఆఖరి నిమిషంలో నిన్ను ఆటలోకి దించారు. బంతి నీ చేతికి రాలేదు. అయినా నువ్వు వెనక్కి పరుగెత్తి, చేతులు చాచి, ఓడిపోయిన ఆటలో గెలుస్తున్నట్టే కాపలా కాశావు. ఆ రోజు నిన్ను దించింది ఇప్పటి కోచ్ కాదు కానీ, ఈయనా నీ కోసం ఉదయం ఆరింటికే జిమ్ తెరిచినవాడే. నీ పేరు పోర్టల్‌లో చూసి తెలుసుకోనివ్వకు. గదికి వెళ్లి, కూర్చుని, నీ నోటితో చెప్పు. ఆయన కసురుకుంటే కసురుకోనీ.

బయటికి రాగానే నాకు ఫోను చెయ్యి. రాత్రి ఎంతయినా ఫరవాలేదు.

మామయ్య