జీతాల ఫైలు మళ్లీ అందరికీ కనిపిస్తోందా? స్టార్ ఒక్కటే చాలదు

విశాఖ గాజువాకలోని మీ ఆఫీసు లైనక్స్ సర్వర్‌లో ‘జీతం’తో మొదలయ్యే ఫైళ్లన్నిటికీ స్టార్ (*) వాడి, పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ (chmod) కమాండ్‌తో 640 (ఓనర్ చదివి రాయొచ్చు, గ్రూపు చదవొచ్చు, మిగతావాళ్లకి ఏమీ లేదు) పెట్టారు, అయినా ఈ నెల ఫైలు స్టాఫ్ అందరికీ తెరుచుకుంటోంది అన్నారు కదండీ. కమాండ్ తప్పేమీ లేదు. ఎంటర్ కొట్టగానే షెల్ (మనం కొట్టిన కమాండ్‌ని చదివి నడిపే ప్రోగ్రామ్) ఆ స్టార్‌ని అప్పటికి ఉన్న ఫైళ్ల పేర్లుగా మార్చి సీహెచ్‌మాడ్‌కి ఇస్తుంది, అంతటితో దాని పని సరి. తర్వాత పుట్టిన ఫైలుకి యూమాస్క్ (కొత్త ఫైలుకి ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే సెట్టింగ్) ప్రకారమే పర్మిషన్ వస్తుంది. చాలా సర్వర్లలో అది 022, అంటే ఫైలు 644, ఎవరైనా చదవొచ్చు.

ఆ కమాండ్‌నే క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) పెట్టి గంటకోసారి నడిపిద్దాం అనుకోకండి, చూసేవాళ్లు ఆ గంటలోనే చూసేస్తారు. జీతాలకి విడిగా ఫోల్డర్ చేసి, దాని గ్రూపుని అకౌంట్స్‌గా మార్చి, 2770 పెట్టండి (770 అంటే ఓనర్‌కీ గ్రూపుకీ అన్నీ, మిగతావాళ్లకి ఏమీ లేదు). బయటివాళ్లు ఫోల్డర్‌లోకే రాలేరు కాబట్టి లోపలి ఫైలు 644 ఉన్నా టెన్షన్ లేదు. ముందున్న ఆ 2 వల్ల అక్కడ కొత్తగా తయారయ్యే ఫైలుకి అకౌంట్స్ గ్రూపే వస్తుంది. వేరేచోటు నుంచి మూవ్ చేసినవాటికి మాత్రం పాత గ్రూపే ఉంటుంది, ఒకసారి మార్చుకోవాలి. ఒకరి ఫైలు మరొకరు దిద్దాలంటే డిఫాల్ట్ ఏసీఎల్ (ఫోల్డర్‌లో పుట్టే కొత్త ఫైళ్లకి ముందే పెట్టే పర్మిషన్ల జాబితా) కూడా ఇవ్వండి.

ఇంకోటి, చుక్కతో మొదలయ్యే ఫైళ్లు ఉత్త స్టార్‌కి చిక్కవు. అలాగని చుక్క పక్కన స్టార్ రాసి, పెద్ద ఆర్ ఆప్షన్ (-R, లోపలున్నవాటన్నిటికీ వర్తించేది) తగిలించారో, బాష్ (లైనక్స్‌లో ఎక్కువగా వాడే షెల్) 5.2 కంటే పాతదైతే రెండు చుక్కలూ (.., అంటే పై ఫోల్డర్) అందులో పడి పై ఫోల్డర్ మొత్తం మారిపోతుంది! ఏ పాటర్న్ అయినా ముందు ఎకోతో (ఇచ్చినదాన్ని తెరమీద చూపించే కమాండ్) నడిపి, ఏయే పేర్లు వస్తున్నాయో చూశాకే సీహెచ్‌మాడ్ కొట్టండి.