పాత కరాటే రీళ్ళు చూస్తే ఉపయోగం ఉందా? ఉంది, కాళ్ళు చూస్తే

"పాతకాలం ఫుల్ కాంటాక్ట్ కరాటే డాక్యుమెంటరీలు చూడటం వల్ల ఇప్పుడు నేర్చుకునేవాడికి ఏమైనా వస్తుందా, లేక ఉత్త కాలక్షేపమేనా?" అని అడిగారు. వస్తుంది. ఆరు నెలలు క్లాసులో అరిచి చెప్పినా బుర్రకెక్కని సంగతి, పది నిమిషాల పాత రీలు ఎక్కిస్తుంది. నాకు అలాగే ఎక్కింది కాబట్టి చెబుతున్నా.

1993 వేసవి, గుంటూరు. అప్పుడు నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా క్లాసు ఒక రైసు మిల్లు వెనక గచ్చు మీద జరిగేది, పొద్దున అయిదింటికి. ఊళ్ళో మిగతా చోట్లంతా తగలకుండా కొట్టే కరాటే, దెబ్బ తగిలితే పాయింటు పోతుంది. మా మాస్టర్ మాత్రం మద్రాసులో కొన్నేళ్ళు ఉండి క్యోకుషిన్ పద్ధతి నేర్చుకుని వచ్చారు. అంటే చేతికి గ్లవ్ లేదు, ఒంటికి ప్యాడ్ లేదు, పిడికిలితో మొహం మీద కొట్టకూడదు, గజ్జల్లో కొట్టకూడదు, మిగతా ఒళ్ళంతా కొట్టొచ్చు, తలకి కాలితో తన్నొచ్చు. ఆయన బర్మా బజార్‌లో కొన్న ఒక వీడియో క్యాసెట్ గురించి నెలల తరబడి చెప్పి చెప్పి, చివరికి ఒక రాత్రి మా ఎనిమిది మందినీ వాళ్ళింటికి పిలిచారు. వీసీఆర్ అద్దెకి తెచ్చాం, తలా అయిదు రూపాయలు వేసుకుని.

అది 1975 నవంబరులో టోక్యో మెట్రోపాలిటన్ జిమ్నేజియంలో జరిగిన క్యోకుషిన్ మొదటి ప్రపంచ ఓపెన్ పోటీ మీద జపాన్ వాళ్ళు తీసిన డాక్యుమెంటరీ. కామెంటరీ అంతా జపనీస్, ఒక్క ముక్క అర్థం కాదు. కాపీకి కాపీ తీసిన క్యాసెట్ కావడంతో బొమ్మ మసకగా ఉంది, అడుగున తెల్లటి గీతలు వణుకుతున్నాయి. మేము మాత్రం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఎవడు పడతాడా, ఎవడి ముక్కు పగులుతుందా అని. ఒకడు పడ్డాడు, మేము అరిచాం. మాస్టర్ లేచి క్యాసెట్ ఆపేశారు.

లోపలికి వెళ్ళి ఒక నీలం గళ్ళ తువ్వాలు తెచ్చారు. నాలుగు మడతలు వేసి టీవీ మీద నుంచి ముందుకి వేలాడేశారు. బొమ్మలో పై సగం మూసుకుపోయింది. ఇక కనపడేవి నడుము కింద నుంచే, తెల్ల ప్యాంట్లు, ఉత్త కాళ్ళు, నేల. "ఒరేయ్, మొహాలు చూసింది చాలు. ఇప్పుడు ఎవడు ఓడిపోతాడో మీరే చెప్పండి," అన్నారు. అడుగున ఉన్న గీతలు సరిగ్గా పాదాల మీదే పడుతున్నాయి కాబట్టి, మాలో ఒకణ్ణి వీసీఆర్ పక్కన కూర్చోబెట్టి గీతల్ని జరిపే ట్రాకింగ్ బటన్ తిప్పుతూ ఉండమన్నారు.

మొదటి పది నిమిషాలు ఏమీ అర్థం కాలేదు. తర్వాత మెల్లగా కనపడటం మొదలైంది. ఒకతని ముందు కాలి మడమ నేలకి ఆనీ ఆననట్టు ఉంది. ఎదుటివాడు తొడ బయటివైపు తన్నాడు, ఇతను కాలు ఎత్తి మోకాలి కింది ఎముకతో ఆపాడు. రెండోసారీ ఆపాడు. మూడోది తగిలింది. తగిలాక ఆ మడమ నేలకి దిగింది, దిగి అక్కడే ఉండిపోయింది. అంతే, ఇక ఆ కాలు లేవలేదు. బరువంతా దాని మీద పడిపోయింది కాబట్టి లేపలేడు, లేపలేడు కాబట్టి తర్వాతి దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. ఇంకో రెండు తన్నులకి పాదం మెల్లగా బయటికి తిరిగింది. మా వెనక బెంచీ మీద కూర్చున్నవాడు "అయిపోయాడు సార్" అన్నాడు. మాస్టర్ తువ్వాలు తీసి చూపించారు. పైన ఆ మనిషి ఇంకా గుద్దుతూనే ఉన్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు, చూసేవాడికి అతనే గెలుస్తున్నట్టు ఉంటుంది. నిమిషం తిరిగేలోపు కూలబడ్డాడు.

ఆ రాత్రి మూడుసార్లు కరెంటు పోయింది, అయినా రెండింటి దాకా కదల్లేదు. ఆ పోటీలో గెలిచింది సాటో కత్సుఆకి, రెండో స్థానం రోయామా హత్సువో. మూడు నినోమియా జోకో, నాలుగు ఒయిషి దైగో. అజుమా తకాషి కూడా ఆ పోటీలో ఆడాడు. రోయామా లో కిక్‌కి, అంటే తొడ మీద తన్నే తన్నుకి, ఎంత పేరో తర్వాత ఎక్కడెక్కడో చదివాను గానీ, నేను మొదట చూసింది మాత్రం తువ్వాలు కింద, పేరు తెలియని ఒక జత కాళ్ళలా. న్యూయార్క్ నుంచి వెళ్ళిన నల్లజాతి ఫైటర్లలో విలియం ఆలివర్ అని ఒకతను ఉంటాడు, పొట్టి మనిషి. అతని పాదాలు చూడండి. నేల మీద నిలబడ్డట్టే ఉండవు.

నాకు ఒరిగిందేమిటి అంటారా? నా ముందు కాలు చెక్కమొద్దులా నేలకి అతుక్కుని ఉంటుందని మాస్టర్ ఏడాది నుంచి చెబుతున్నారు. వినేవాణ్ణి, ఊ కొట్టేవాణ్ణి, మళ్ళీ అలాగే నిలబడేవాణ్ణి. అంతకుముందు నెలలోనే స్పారింగ్‌లో తొడ మీద వరసగా తగిలించుకుని, నాలుగు రోజులు మెట్లెక్కలేక గోడ పట్టుకుని నడిచాను. అమ్మ ఉప్పు మూటతో కాపడం పెట్టింది. ఎందుకు తగులుతోందో నాకు అర్థం కాలేదు, దెబ్బ గట్టిదేమో అనుకున్నా. క్యాసెట్ చూసిన మర్నాడు పొద్దున గచ్చు మీద నిలబడి నా కాళ్ళ వంక చూసుకుంటే, ఓడిపోయిన ఆ మనిషి కాలే నాకూ ఉంది. అదే మడమ, అదే బయటికి తిరిగిన పాదం. దిద్దుకోవడానికి మూడు నెలలు పట్టింది, కానీ ఆ రోజు నుంచి తప్పు ఎక్కడుందో తెలుసు.

అందుకే నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, పాత రీళ్ళలో గెలిచినవాణ్ణి చూస్తే ఏమీ రాదు, ఓడినవాణ్ణి చూడాలి. ఈ ముప్ఫై ఏళ్ళలో నేను చూసినంతవరకు పదిమందిలో తొమ్మిది మంది ఆఖరి దెబ్బకి ఓడిపోరు, దానికి నిమిషం ముందే కాళ్ళు ఓడిపోతాయి.

ఇప్పుడు ఫోన్లో వచ్చే ముక్కలు ఆ నిమిషాన్నే కోసి పారేస్తున్నాయి. పదిహేను సెకన్లు, ఒక తన్ను, ఒకడు పడిపోవడం, పైన డప్పుల మోత. ఆ సంగీతం ఎవరు అడిగారు? అసలు రీల్లో ఎముక తొడకి తగిలే శబ్దం ఉంటుంది, తడి బట్టని బండకేసి కొట్టినట్టు. ఆ శబ్దం మారిందంటే కండ బిగువు పోయిందని అర్థం. దాన్ని తీసేసి డప్పులు పెట్టేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది.

ఇంకో బాధ. క్యోకుషిన్ అనగానే అందరూ దాన్ని పుట్టించిన మసుతత్సు ఒయామా ఎద్దులతో పోట్లాడిన 1950ల నాటి రీలు పంపిస్తారు. ఆయన మహానుభావుడు, కాదనను, ఈ పోటీలన్నీ ఆయన పెట్టినవే. కానీ పాపం ఆ మూగజీవాన్ని కొట్టడంలో మనం నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. పెంకులు పగలగొట్టి ఏడాదికే బ్లాక్ బెల్ట్ చేతిలో పెట్టే క్లాసులు మన ఊళ్ళలో పుట్టుకొచ్చింది ఈ రకం బొమ్మల వల్లే అని నేననుకుంటాను. మా చుట్టాలబ్బాయికి అలా పదకొండు నెలల్లో బెల్ట్ ఇచ్చారు, ఒక్క రోజు కూడా ఒంటి మీద దెబ్బ పడకుండా. ఆ ప్రపంచ పోటీల్లో కూడా చెక్కలు పగలగొట్టడం ఉండేది, అయితే దానికో లెక్క ఉంది. అదనపు సమయం ఇచ్చినా ఫలితం తేలకపోతే, బరువుల తేడా చూసి, అదీ కాకపోతే ఎవరు ఎన్ని చెక్కలు విరిచారో చూసేవాళ్ళు. సర్కస్ కోసం కాదు.

"మొహం మీద గుద్దకుండా అదేం ఫైటింగ్" అనేవాళ్ళు కూడా ఉంటారు. ఆ మాట జపాన్ వాళ్ళకే ముందు తట్టింది. 1975 పోటీలో ఆడిన అజుమా 1981లో బయటికి వచ్చి, తలకి కవచం పెట్టి మొహం మీద గుద్దులు కూడా అనుమతించే దైడో జుకు అనే సొంత పద్ధతి పెట్టాడు. నినోమియా అమెరికా వెళ్ళి డెన్వర్‌లో ఎన్షిన్ అనే తన పద్ధతి పెట్టాడు. సాటో, రోయామా కూడా తర్వాత ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. అంటే 1975 రీలు చూస్తున్నారంటే నాలుగు దారులుగా చీలబోయే మనుషులు ఒకే గచ్చు మీద ఒకే రూల్స్‌తో ఆడటం చూస్తున్నారు. అలాంటిది ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

మీరు అడిగారు కాబట్టి, 1975 తర్వాత అదే ప్రపంచ పోటీ 1987 ఫైనల్ చూడండి, జపాన్ మత్సుయి, స్విట్జర్లాండ్ ఆండీ హగ్ ఆడింది. ఫైనల్ దాకా వచ్చిన మొదటి విదేశీయుడు హగ్. అందరూ అతని మడమ పైనుంచి దిగే కిక్ కోసం చూస్తారు, మీరు ఆ కిక్ లేచే ముందు నేల మీద ఉన్న రెండో పాదం చూడండి. 1991లో బ్రెజిల్ ఫైటర్ ఫిల్యోతో హగ్ ఆట మాత్రం నేర్చుకోవడానికి చూడొద్దు. ఆపమన్న క్షణంలోనే తలకి తగిలిన కిక్ అది, చెల్లుతుందని ఒయామా తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు మీద ఇప్పటికీ తగువే. హగ్ 2000లో ముప్ఫై అయిదేళ్ళకే లుకేమియాతో పోయాడు, ఆ ఆట చూసినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది.

మా అమ్మాయికి పోయిన ఆదివారం 1975 రీలు తువ్వాలు పద్ధతిలోనే చూపిద్దామనుకున్నా. ఇప్పటి టీవీలు పల్చన, తువ్వాలు నిలవదు, జారిపోతోంది. పాత క్యాలెండరు అట్ట సగానికి కోసి టేపుతో అంటించాను, బాగానే ఉంది. ఫోన్లో అయితే బొటనవేలు అడ్డం పెట్టి చూడొచ్చు గానీ, వీలైతే పెద్ద తెర మీదే చూడండి. పాదాలు చిన్నవైపోతే మడమ కనపడదు.