పాలరాయి ఊరికి వెళ్లాలా వద్దా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. జూన్‌లో బోస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, మూడు నెలలు ఉంటాం. పక్కన వెర్మాంట్ రాష్ట్రంలో ప్రాక్టర్ అనే చిన్న ఊళ్లో మార్బుల్ మ్యూజియం ఉందట, ఒక శనివారం తీసుకెళ్తామంటున్నారు పిల్లలు. మావారేమో "రాళ్లు చూడ్డానికి అంత దూరమా, మన బైపాస్ రోడ్డు మీద మార్బుల్ షాపులు లేవా" అంటున్నారు. నాకు మాత్రం చూడాలనే ఉంది. మా నాన్నగారు పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర లెక్కలు రాసేవారు, నా చిన్నతనమంతా ఆ తెల్ల దుమ్ములోనే గడిచింది. వెళ్తే ఏం చూడాలి, ఎంతసేపు పడుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇబ్బందా, కాస్త వివరంగా చెప్పండి.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. మూడేళ్ల కిందట మా అబ్బాయి వాళ్లతో నేనూ వెళ్లొచ్చాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. మీవారు చెప్పిన షాపులో మనకు కనపడేది కోతా పాలిషూ అన్నీ అయిపోయి, అడుగు ఇంత అని రేటు రాయించుకుని గోడకు ఆనుకుని నిలబడ్డ రాయి. దాన్ని కొండలోంచి ఎవరు తీశారు, ఎలా కోశారు, తీసినవాళ్లు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అన్నది షాపులో ఎవరూ చెప్పరు. ప్రాక్టర్‌లో చెప్తారు.

ప్రయాణం సంగతి ముందు చూద్దాం. బోస్టన్ నుంచి కారులో సుమారు మూడు గంటలు. దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు రట్లాండ్, అక్కణ్ణుంచి పది కిలోమీటర్లు. చలికాలంలో మ్యూజియం మూసేస్తారు, మామూలుగా మే సగం నుంచి అక్టోబరు సగం దాకా తెరిచి ఉంటుంది, కాబట్టి మీరు వెళ్లే నెలలకు ఢోకా లేదు. అయినా బయల్దేరే ముందు అమ్మాయి చేత ఒక ఫోన్ చేయించండి, కూర్చోవడానికి, వీల్‌చెయిర్‌కి ఏం వీలుందో కూడా అప్పుడే అడగమనండి. అది పాత మార్బుల్ ఫ్యాక్టరీ భవనం, చాలా పెద్దది, నడక ఉంటుంది. మెత్తటి బూట్లు వేసుకోండి, చెప్పులతో వద్దు. లోపల రెండు గంటలు, ఊళ్లో ఒక గంట పెట్టుకుంటే హడావుడి ఉండదు.

ఊరు చూడకుండా మాత్రం రావద్దు. రెండు వేల మంది కూడా లేని ఊరు అది. మన పల్లెల్లో నాపరాయి అరుగులున్నట్టు అక్కడ ఫుట్‌పాత్‌లు పాలరాయితో ఉంటాయి. చర్చి పాలరాయి, బడి పాలరాయి, ఆటర్ క్రీక్ అనే ఏటి మీద 1915 నాటి వంతెనకూ పాలరాయే. డాబు కోసం కట్టినవి కావు, ఊళ్లో చేతికందే రాయి అదే. వాన పడి వెలిసిన ఫుట్‌పాత్ మీద నేను వంగి చెయ్యి పెట్టి చూశాను. నూరేళ్లుగా జనం నడిచి నడిచి రాయి మధ్యలో కొద్దిగా గుంట పడింది, మన పాత ఇళ్ల గడపల్లా. పాలరాయి అంత మెత్తన అని నాకు అక్కడే తెలిసింది.

రెడ్‌ఫీల్డ్ ప్రాక్టర్ అనే ఆయన 1880లో అక్కడి క్వారీలను, కోత మిల్లులను కలిపి వెర్మాంట్ మార్బుల్ కంపెనీ పెట్టాడు. ఆయన ఆ రాష్ట్రానికి గవర్నర్, తర్వాత అమెరికా యుద్ధ మంత్రి, ఆ తర్వాత సెనేటర్. 1886లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి కొంత భాగం విడదీసి కొత్త ఊరు చేసి దానికి ఆయన పేరే పెట్టారు. ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, ఇది గుర్తు పెట్టుకుని లోపలికి వెళ్తే మ్యూజియం ఇంకో రకంగా కనపడుతుంది.

లోపల అమెరికా అధ్యక్షుల ముఖాలన్నీ వరసగా పాలరాతి పలకల మీద చెక్కి పెట్టారు. పిల్లలకు ఫొటోలకు బావుంటుంది, నేను అక్కడ ఐదు నిమిషాలకు మించి ఆగలేదు. మీరు ఆగాల్సింది రాయి కోత గురించి చెప్పే చోట. పాతరోజుల్లో పెద్ద బ్లాకును పలకలుగా కోసిన రంపానికి పళ్లే ఉండవు! ఇనప పట్టీలు వరసగా బిగించిన చట్రం ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది, పైనుంచి ఇసకా నీళ్లూ పోస్తూ ఉంటారు, రాయిని కోసేది ఆ ఇసక. గంటకు అంగుళాల లెక్కన దిగుతుంది, రాత్రీ పగలూ ఆపకుండా. ఏటి మీద జలపాతం ఉంది కాబట్టే మిల్లులన్నీ అక్కడ వెలిశాయి, నీటి బలంతోనే ఈ చట్రాలు ఊగేవి. క్వారీలో బ్లాకు చుట్టూ గాడి తీసే ఆవిరి యంత్రం కూడా 1860లలో ఆ రట్లాండ్ ప్రాంతంలోనే తయారైంది, అంతకుముందు అదంతా సుత్తీ ఉలీ పనే.

రకరకాల పాలరాయి పలకలు పక్కపక్కన నిలబెట్టిన చోట కూడా నిదానంగా చూడండి. పాలరాయంటే తెలుపే అనుకుంటాం కదా, ఆకుపచ్చ, బూడిద రంగు, నల్ల చారలు, గులాబీ, అన్నీ ఉన్నాయి. అసలు ఇదంతా సుమారు 45 నుంచి 50 కోట్ల ఏళ్ల కిందట వెచ్చటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. తర్వాత భూమి ముడుచుకుని కొండలు లేచినప్పుడు ఆ ఒత్తిడికి, వేడికి సున్నపురాయి లోపలి రేణువులన్నీ మళ్లీ స్ఫటికాలుగా కూర్చుకుని పాలరాయి అయింది. నేను కొనుక్కున్న పల్చటి ముక్క వెనక మా మనవడు ఫోన్ టార్చి వేశాడు, అంచు దగ్గర వెలుగు ఇవతలికి వచ్చింది, పాలమీగడ రంగులో. నాపరాయి ముక్క వెనక టార్చి వేసి చూడండి, రానే రాదు.

ఆ రాయి ఎక్కడెక్కడికి వెళ్లిందో ముందే తెలుసుకుంటే మీ మిగతా ట్రిప్పు కూడా మారిపోతుంది. వాషింగ్టన్ వెళ్తే అక్కడి సుప్రీంకోర్టు భవనం బయటి రాయి, జెఫర్సన్ మెమోరియల్ బయటి గోడలూ స్తంభాలూ వెర్మాంట్‌వే. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఎత్తు భవనానికి రెండు సన్నటి పక్క గోడలు, పెద్ద పబ్లిక్ లైబ్రరీ భవనం కూడా వెర్మాంట్ రాయే. లైబ్రరీ ముందు కూర్చున్న సింహాలు మాత్రం టెన్నెసీ గులాబీ పాలరాయి. ఇంకొకటి, ఆర్లింగ్టన్‌లో పేరు తెలియని సైనికుడి సమాధి. దాని రాయి కొలరాడోది, 1931లో తీశారు. కానీ దాన్ని రైల్లో ప్రాక్టర్‌కే తెచ్చి ఇక్కడి పనివాళ్ల చేత చేయించి పంపారు. రాయి ఉన్నచోట కాదు, రాయి పని తెలిసిన చేతులున్న చోటికి తెచ్చారు.

ఆ చేతులెవరివి? ఇటలీ నుంచి, స్వీడన్, పోలండ్, హంగరీ నుంచి వలస వచ్చినవాళ్లవి. 1895లో కంపెనీ ఎడా మేయో స్టూవర్ట్ అనే నర్సును పెట్టుకుంది, పనివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసిరావడం ఆవిడ పని. అమెరికాలో ఒక పరిశ్రమ పెట్టుకున్న మొదటి నర్సుగా ఆవిడ పేరే చెప్తారు. మంచి మాటే. అదే ఊళ్లో, అదే కంపెనీలో 1935-36 చలికాలంలో పెద్ద సమ్మె జరిగింది. ఇంటద్దె, కొట్టు బాకీ కోసుకోగా జీతంలో చేతికొచ్చేది ఎంతో తక్కువని జనం పని మానేశారు. ఈ రెండూ కలిపి చదవండి, ఒకటి వదిలి ఒకటి చదవకండి. మీ నాన్నగారు బట్టీ దగ్గర రాసిన లెక్కల పుస్తకాలు మీకు గుర్తొస్తాయని నా నమ్మకం, ఆ పుస్తకాల్లో కూడా కూలీల పేర్ల పక్కన అడ్వాన్సు కోతలు ఉండే ఉంటాయి.

ఇప్పుడు మీకోసం ఒక సంగతి. 1976లో ఆ కంపెనీని స్విట్జర్లాండ్ వాళ్లు కొన్నారు, ఇవాళ దాని పేరు ఓమ్యా. వాళ్లు కొన్నది పలకల కోసం కాదు, పొడి కోసం. పాలరాయిని మెత్తగా పిండి కొట్టి కాగితానికి, పెయింటుకు, ప్లాస్టిక్కు వేస్తారు. పాలరాయి అయినా, పిడుగురాళ్ల సున్నపురాయి అయినా మూలం కాల్షియం కార్బొనేట్ అనే ఒకే పదార్థం. అక్కడ దంచుతారు, మీ ఊళ్లో బట్టీలో కాలుస్తారు. మీరు పెరిగిన తెల్ల దుమ్ముకూ, సుప్రీంకోర్టు స్తంభాలకూ ఉన్న చుట్టరికం ఇది. మీవారికి ఈ ముక్క చెప్పి చూడండి, కారెక్కుతారు.

ప్రశ్న: నేను విజయవాడలో హైస్కూల్ టీచర్ని. పిల్లల్ని అమరావతి తీసుకెళ్లాలని ప్లాన్ చేస్తున్నాను. లండన్‌లో ఉన్న మన శిల్పాలను 'అమరావతి మార్బుల్స్' అంటారని పాఠంలో ఉంది, మా సైన్సు సారేమో అది మార్బులే కాదు అంటారు. పిల్లలకు ఏం చెప్పమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, విజయవాడ

జవాబు: మీ సైన్సు సార్ చెప్పిందే నిజం. అమరావతి శిల్పాలు పలనాటి సున్నపురాయి. పాత పుస్తకాల్లో 'పలనాటి పాలరాయి' అని కూడా రాశారు. కొద్దిగా ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు, గుండు సూది మొన పట్టేంత సన్నని పని చేయనిస్తుంది, రుద్దితే నున్నగా మెరుస్తుంది. ఆ నునుపు చూసి, చెక్కిన తెల్ల రాయి ఏదైనా మార్బుల్ అనే అలవాటున్న ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టేశారు. పై జవాబులో చెప్పిన ఒత్తిడీ వేడీ ఈ రాయి చూడలేదు, అందుకే ఇంకా సున్నపురాయిగానే ఉంది. వయసులో మాత్రం వెర్మాంట్ పాలరాయి కంటే ఇదే పెద్దది. సముద్రంలో గవ్వల జీవులు విరివిగా పుట్టకముందే పేరుకున్నది కాబట్టి ఇందులో గవ్వల అచ్చులు వెతికినా దొరకవు.

పిల్లలకు పేరు ఒక్కటే చెప్పి వదలకండి, రాయి ఎన్ని చేతులు మారిందో చెప్పండి. శాతవాహనుల కాలంలో వెలిగిన స్తూపం, 18వ శతాబ్దం చివరికి ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అని పిలిచే ఒక దిబ్బ. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిని తన రాజధాని చేసుకుని కట్టడాలు మొదలుపెట్టినప్పుడు ఆ దిబ్బ తవ్వితే ఇటుకలూ రాళ్లూ బయటపడ్డాయి, కట్టడాలకు వాడేశారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించినవి మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ బయటే పడి ఉన్నాయి, వాటిలో చాలా 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. ఇవాళ ఒక పెద్ద వాటా బ్రిటిష్ మ్యూజియంలో, ఇంకో పెద్ద వాటా చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, మిగిలినవి మన అమరావతిలో.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది వేరే. లండన్ వెళ్లినవి కనీసం ఉన్నాయి. చాలా పలకలు ఊళ్లోనే బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. మంచి సున్నపురాయి కదా, బాగా కాలుతుంది. రెండు వేల ఏళ్ల కిందట ఒక శిల్పి పద్మం రేకులు ఒక్కొక్కటీ తీర్చిన పలక, ఎవరి ఇంటి గోడకో వెల్ల అయింది. ఈ మాట చెప్పినప్పుడు క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది, నేను చూశాను.

అమరావతి మ్యూజియంకు శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు. ఆవరణలో స్తూపం నమూనా ఉంది, ముందు పిల్లల్ని దాని చుట్టూ ఒకసారి తిప్పండి, అప్పుడే లోపలి ముక్క ఏది ఎక్కడ ఉండేదో వాళ్లకు అర్థమవుతుంది. తర్వాత స్తూపం ఉన్న చోటికి తీసుకెళ్లండి. స్కూలుకు వచ్చాక ఒక ప్రయోగం చేయించండి: రాళ్ల షాపులో పారేసిన నాపరాయి ముక్క, పాలరాయి ముక్క, చీమకుర్తి గ్రానైట్ ముక్క తెచ్చి, మేకుతో గీకి ఆ గీతల మీద వెనిగర్ చుక్కలు వేయమనండి. మొదటి రెండింటి మీదా సన్నగా బుడగలు వస్తాయి, గ్రానైట్ మీద రావు. ఇది షాపు ముక్కల మీదే అని గట్టిగా చెప్పండి, మ్యూజియంలో రాళ్లను చేత్తో కూడా తాకనివ్వకండి.

ప్రశ్న: మా పూజగదిలో తెల్ల మార్బుల్ మీద నిమ్మకాయ రసం పడి మచ్చ పడింది. బాత్‌రూమ్ యాసిడ్‌తో కడిగితే పోతుందని పనమ్మాయి అంటోంది. కడగమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దు! ఒక్క చుక్క కూడా వద్దు. పైన వెనిగర్ బుడగల సంగతి చదివారు కదా, మీ గదిలో జరిగిందీ అదే. నిమ్మరసం రాయిని పైపైన తినేసింది, అది మరక కాదు, పాలిష్ పోయిన చోటు. యాసిడ్ పోస్తే గది మొత్తం అలాగే అవుతుంది. చింతపండు, పెరుగు కూడా అంతే, పడగానే తుడిచేయాలి. పాలిష్ మేస్త్రిని పిలిచి ఆ చోటు వరకు మళ్లీ పాలిష్ పట్టించండి. దీపం నూనె మరకైతే వేరే సంగతి, వంటసోడా నీళ్లతో ముద్దగా కలిపి మరక మీద మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా ఉంచి, పొద్దున మెత్తటి గుడ్డతో తీసేయండి, ఒకటి రెండుసార్లు చేస్తే తగ్గుతుంది. రోజూ తుడవడానికి మంచినీళ్లు చాలు.